తీగ కట్టిన పళ్లతో తద్దినం భోజనం

ముక్తేశ్వరం దగ్గర కొత్తగా కాలవ తవ్వుతున్న రోజులవి. రేవు గట్టు మీద తడిమట్టిలో కాలు జారి, పడవ అంచుకి నోరు కొట్టుకుని పడ్డాను. లేచి నాలుకతో తడుముకుంటే ముందు పళ్లు రెండూ ఊగుతున్నాయి. వేదం చెప్పుకుని బతికేవాణ్ణి. ముందు పళ్లు లేకపోతే త, ద, స ఏదీ సరిగ్గా పలకదు, గాలి పోతుంది. కొత్తపేటలో పండితుల సభ దగ్గరపడుతోంది. అక్కడ నోరు జారితే మళ్లీ ఎవరూ పిలవరు.

మా ఊరి కంసాలి సన్నటి బంగారు తీగతో ఆ రెండింటినీ పక్క పళ్లకి కలిపి బిగించాడు. పట్టకారు నోట్లోకి వస్తుంటే నా పైప్రాణాలు పైనే పోయాయి. చిగుళ్లు గట్టిపడేదాకా తీగ కదలకూడదనీ, అంటుకునే తిండి అసలు నోట పెట్టవద్దనీ చెప్పాడు.

ఇక మా ఆవిడ రాజ్యం మొదలైంది. మెత్తగా వండిన అన్నంలో ముద్దపప్పు, చారు, మజ్జిగ, మాగిన చక్కెరకేళి, బొండాంలోని లేత మీగడ. అంతే. చెరుకు, జంతికలు, వడియాలు, ముదురు కొబ్బరి పేరెత్తితే చాలు, కళ్లెర్రజేసేది. ఓసారి మాగాయ ముక్క చప్పరించబోతే విస్తట్లోంచి తీసి పారేసింది. పసిపిల్లాడిలా ముద్దలు మింగుతూ కూర్చోవడం నాకు చచ్చేంత చిరాకు. అయినా పళ్లు ఊగడం తగ్గింది.

అంతలో మా గురువుగారి అబ్బాయి వచ్చాడు. తండ్రిగారి తద్దినానికి నన్ను భోక్తగా రమ్మన్నాడు. ఆ పూట భోక్త అంటే పోయినవారే వచ్చి విస్తరి ముందు కూర్చున్నట్టు లెక్క. నాకు వేదం చెప్పిన మనిషి తద్దినం, కాదని ఎలా అంటాను? ఒప్పేసుకున్నాను. అతను వెళ్లగానే మా ఆవిడ నెత్తి కొట్టుకుంది.

"భోక్త మాటాడకూడదు, వద్దనకూడదు కదండీ. వాళ్లేం వడ్డిస్తే అది తినేస్తారా?"

పరమాన్నంతో గడిపేస్తానని బుకాయించాను.

తద్దినం నాడు గారెల్ని పెరుగులో నాన్చి, నమలకుండా దింపేశాను. గండం గడిచిందనుకుంటూ ఉండగా గురువుగారి అబ్బాయి చిమ్మిలి తెచ్చాడు. నువ్వులూ బెల్లమూ కలిపి దంచిన ఉండలు, చేతికే అంటుకుపోతున్నాయి. నాన్నగారికి మహా ఇష్టమంటూ రెండు వేశాడు. నేను బిక్కమొహం వేసి అతని వంక చూశాను. ఇంకా కావాలనుకున్నాడు కాబోలు, ఆ మహానుభావుడు మూడోది కూడా వేశాడు.

పక్క పళ్లతో మెల్లిగా కొరికాను. బెల్లం తీగని పట్టేసింది. వదిలించుకుందామని దవడ కదిపితే లోపల టక్కుమంది. తీగ ముక్కతో సహా పన్ను నాలుక మీదికి వచ్చి పడింది. ఉమ్మితే తద్దినం చెడిపోతుంది, గురువుగారికి ఈ ఏటి ముద్ద దక్కదు. కళ్లు మూసుకుని మింగేశాను. నా పన్ను నేనే మింగేశాను! ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

భోజనం చివర కర్త తృప్తి కలిగిందా అని అడగాలి, కలిగిందని భోక్త మంత్రంలో జవాబివ్వాలి. అతను అడిగాడు. "తృప్తోస్మి" అన్నాను. మాట రాలేదు, తుస్సుమని గాలి వచ్చింది. ఇక సభ లేదు, ఏమీ లేదు. సిగ్గుతో తల వంచుకున్నాను.

ఎంతకీ ఔపోశనకి చేతిలో నీళ్లు పోయడేమని తలెత్తితే, చెంబు పట్టుకుని కొయ్యబారిపోయి నన్నే చూస్తున్నాడు. కళ్ల నిండా నీళ్లు.

"ఆఖర్న పళ్లన్నీ ఊడిపోయేక నాన్నగారి మాట ఇలాగే ఉండేదండి," అన్నాడు. "మరొక్కసారి అంటారా అండి?"

ఇక జన్మలో నలుగురి ముందూ నోరు విప్పకూడదని అప్పుడే అనుకున్నవాణ్ణి, మరొక్కసారి అన్నాను.