మా హదస్సా ఉమ్మేసే చదువు

మా మేనకోడలు హదస్సా ఏం చదివిందో నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. అర్థం కాలేదని ఒప్పుకోవడానికి సిగ్గు కూడా లేదు. ముప్పై ఆరేళ్లు రైల్వేలో గుమాస్తాగా చేసినవాణ్ని. ఎలాంటి కాగితమైనా రెండుసార్లు చదివితే సంగతి తెలిసిపోయేది. ఈ పిల్ల సర్టిఫికెట్ మాత్రం నాలుగుసార్లు చదివాను. వైన్ టెక్నాలజీ అట. నాసిక్‌లో రెండేళ్లు. పైగా ఫస్ట్ క్లాసు!

బేగంపేటలో మైక్రోబయాలజీ డిగ్రీ చదివినన్నాళ్లు బాగానే ఉంది. రేపో మాపో ఏదో ఒక ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం వస్తుందని అందరికీ చెప్పుకున్నాను. డిగ్రీ అయ్యాక ఒకరోజు మా ఇంటికొచ్చి, "మామా, ద్రాక్షలు పులిసే చదువు చదువుకుంట" అంది.

"పులిసేదానికి చదువెందుకే? ఇడ్లీ పిండి ఎవరి సర్టిఫికెట్ చూసి పులుస్తున్నది?" అన్నాను.

పడీపడీ నవ్వింది. నవ్వి, నాసిక్ రైలెక్కింది.

నా పేరు ఏసురత్నం. బొల్లారంలో మాకొక చిన్న మందిరం ఉంది, దానికి పదిహేడేళ్లు కమిటీ సెక్రటరీగా ఉన్నాను. పంతొమ్మిదో ఏట మద్యం ముట్టనని మందిరంలో నిలబడి ప్రమాణం చేశాను. రైల్వేలో చేరాక కూడా ఆ మాట నిలబెట్టుకున్నాను, అదేమీ చిన్న విషయం కాదు. నా రిటైర్మెంట్ పార్టీలో అందరి చేతుల్లో ఏముందో నాకు తెలియదు, నా చేతిలో మాత్రం సోడా ఉంది. కావాలంటే ఫోటో చూపిస్తాను.

హదస్సా నా చెల్లెలు కాంతమణి కూతురు. కాంతమణి భర్త తాగి తాగి లివరు చెడి చనిపోయాడు. అప్పటికి పిల్లకు రెండేళ్లు. ఆ ఏడాదే అప్పటి పాస్టరు గారు మా చెల్లెల్ని పిలిచి, ఇకమీదట ప్రభువు బల్లకు ద్రాక్షరసం నువ్వే చెయ్యమ్మా అన్నారు. నెలకోసారి మా మందిరంలో అందరం రొట్టె ముక్క తిని, చిన్న గ్లాసుతో ఆ రసం తీసుకుంటాం. బజారు వైన్‌ను మా గడప తొక్కనివ్వం. మద్యం వల్ల ఇల్లు కూలిపోయిన మనిషి కంటే జాగ్రత్తగా ఆ పని ఇంకెవరు చేస్తారని ఆయన ఉద్దేశం.

అప్పటినుంచి ఇరవై రెండేళ్లుగా కాంతమణే చేస్తోంది. ఈస్టర్‌కు ముందొచ్చే శ్రమకాలం మొదలయ్యే రోజుల్లో సికింద్రాబాద్ మోండా మార్కెట్ నుంచి నల్లద్రాక్ష తెస్తుంది. చక్కెర వేసి ఉడకబెట్టి, వడకట్టి, చల్లారనిచ్చి జాడీలో పోస్తుంది. రంగు కోసం, రుచి కోసం ఒక గుప్పెడు నల్ల కిస్‌మిస్ వేసి, మూతికి గుడ్డ కట్టి నలభై రోజులు మూలన పెడుతుంది. ఈస్టర్ ముందు సీసాల్లోకి ఎత్తుతుంది. ఫ్రిజ్‌లో పెట్టకపోయినా ఆ రసం ఏడాదంతా చెడేది కాదు. ప్రార్థన చేసి చేస్తుంది కదా, అందుకే అనుకునేవాళ్లం. బడిలో ఆమె ఎల్‌కేజీ పిల్లల టీచరు, జీతం అంతంతమాత్రం. మందిరంలో మాత్రం రసం కాంతమణమ్మ అంటే ముసలివాళ్లు కూడా లేచి వందనాలు చెబుతారు.

నాసిక్ నుంచి సెలవులకు వచ్చినప్పుడల్లా హదస్సా నన్ను కంగారుపెట్టేది. టీ ఇస్తే ముందు వాసన చూసేది, తర్వాత నోట్లో అటూ ఇటూ తిప్పేది. "టీ పొడి డబ్బా తడిసింది మామా, అట్టపెట్టె వాసనొస్తున్నది" అనేది. చూస్తే నిజంగానే తడిసి ఉండేది.

"మీ కాలేజీల వైన్ తాగిపిస్తరా?" అని ఒకసారి భయంభయంగా అడిగాను.

"తాగం మామా. నోట్లె పోసుకొని, రుచి చూసి, బకెట్ల ఉమ్మేస్తం."

"ఉమ్మేస్తరా? మరి చేసుడెందుకు?"

తాగి జీతం పోగొట్టుకున్నవాళ్లను రైల్వేలో చాలామందిని చూశాను. ఉమ్మినందుకు జీతమిచ్చేవాళ్లు లోకంలో ఉన్నారని నాకు తెలియదు. ఈ ఫిబ్రవరిలో హదస్సా చదువు ముగించుకుని ఇంటికొచ్చిన నెలరోజులకే నాసిక్ వైన్ కంపెనీ ఒకటి ఉద్యోగమిస్తామని ఉత్తరం పంపింది. ఈస్టర్ మరునాడు సోమవారంలోపు అవునో కాదో చెప్పాలి, బుధవారం బయలుదేరాలి.

ఈ సంగతి మా కోశాధికారి దేవానందం గారి చెవిన పడింది. ఆయన రిటైర్డ్ హెడ్‌మాస్టరు. కమిటీ కూర్చోగానే రూల్ బుక్కు తెరిచారు.

"మద్యం తాగేటోళ్లు, అమ్మేటోళ్లు, చేసేటోళ్లు బల్లకు రావద్దని ఇందుల సాఫ్‌గా ఉన్నది. సెక్రటరీ గారి మేనకోడలైతే రూలు మారుతదా?"

ఆ చివరి మాట నన్ను పొడిచింది. నాకేమైనా పక్షపాతమా? కాగితం తీసుకుని నా చేత్తో నేనే రాశాను, ఆ ఉద్యోగం విడిచిపెట్టేవరకు హదస్సా బల్లలో పాలుపొందరాదని. సంతకం పెట్టి, చెల్లెలింటికి నేనే తీసుకెళ్లి ఇచ్చాను. నా మొండితనం అలాంటిది.

కాంతమణి చదివి తలెత్తింది. "అన్నా, గిది నీ రాతనే గదా."

"కమిటీ నిర్ణయం చెల్లె."

"రాత నీదే గదా."

నేను లేచి గుమ్మం ముందు మెట్ల మీద కూర్చున్నాను. ఆమె కాగితం మడిచి కూతురి వైపు తిరిగింది. "ఉద్యోగం వద్దని రాసెయ్ బిడ్డా. నిన్ను ఎనక బెంచీ మీద కూసోబెట్టి నేనొక్కదాన్ని ఎట్ల పోత?"

హదస్సా బయటికొచ్చి నా పక్కన మెట్ల మీద కూర్చుంది. కోప్పడుతుందనుకున్నాను. "మామా, ఒకే తోటల రెండు వరుసలుంటయ్. పొద్దుటి ఎండ తగిలినదానికి ఒక రుచి, సాయంత్రం ఎండ తగిలినదానికి ఒక రుచి. కండ్లు మూసుకొని ఏది ఏందో చెప్పిన. మా క్లాసుల ఇంకెవరు చెప్పలే. నాకు లోకంల గింత బాగొచ్చేది ఇంకోటి లేదు" అంది. ఎండకు రుచేమిటో నాకేమీ తెలియలేదు గానీ, ఆ పిల్ల ముఖం చూశాక కాగితం మీద నా సంతకం గుర్తొచ్చింది.

ఈస్టర్ ముందురోజు సీసాలు తీసుకురావడానికి చెల్లెలి ఇంటికి వెళ్లాను. కాంతమణి మందిరానికి పూలు కట్టడానికి పోయింది. వంటింట్లో హదస్సా జాడీ ముందు కూర్చుని ఉంది. చేతిలో థర్మామీటరు లాంటి గాజు పుల్ల.

"మామా, జెర ఇటు రా. తలుపు పెట్టు."

పెట్టాను.

"జాడీల పోసిననాడు సరదాకు దీన్ని తేల్చి చూసిన. రసంల చక్కెర ఎంతున్నదో చెప్తది. ఇయ్యాల మల్ల చూసిన. చక్కెర చానా తగ్గింది."

"ఎవరు తిన్నరు?" అన్నాను.

"ఈస్ట్ తిన్నది. కిస్‌మిస్ తొక్క మీదనే ఉంటది, కంటికి కనపడదు. అమ్మ ఉడకబెట్టినంక వేస్తది గదా, అందుకే బతుకుతది. చక్కెర తిని ఆల్కహాల్ చేస్తది. నేను రెండేండ్లు నేర్చుకున్నదిదే మామా. ఇది వైన్. ఎనిమిదిన్నర శాతం. బీరు కన్న ఎక్కువ."

నేను బియ్యం డబ్బా మీద కూలబడ్డాను. ఇరవై రెండేళ్లు, నెలకోసారి. గొంతు దిగగానే ఛాతీలో ఒక వెచ్చదనం పాకేది. అది పరిశుద్ధాత్మ అనుకున్నాను! దేవానందం గారైతే కళ్లు మూసుకుని స్తోత్రం అనేవారు. నా ప్రమాణం ఇప్పుడు ఉన్నట్టా, పోయినట్టా? రిటైర్మెంట్ ఫోటోలో ఆ సోడా పట్టుకుని నవ్వుతున్న మనిషి ఎవడు?

"బిడ్డా, తెల్వక తాగితే తాగినట్టేనా?"

"అది మా సిలబస్‌ల లేదు మామా."

అంతలో నాకు హుషారొచ్చింది. ఎగిరి లేచాను. "గిది చాలు! కమిటీ ముంగట పెడ్త. దేవానందం గారి మొఖం చూడాలె. చేసేటోళ్లకు బల్ల లేదంటె ముందు జాడీని బయట కూసోబెట్టుమంట!"

"వద్దు." పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అమ్మ ఏమైతది మామా? నాయన తాగి సచ్చిండని దగ్గు సిరప్ సుత అట్ట మీద చదివి కొంటది. ఇన్నేండ్లు సంఘం మొత్తానికి తన చేతితోని మందు పోసినని తెలిస్తె బతుకుతదా? వచ్చే ఏడు కిస్‌మిస్ ఉడికేటప్పుడే వెయ్యమంట, రంగు బాగొస్తదని. ఇగ పులవది. సోమారం ఉద్యోగం వద్దని రాసేస్త. నువ్వు నోరు తెరిస్తె నా మీద ఒట్టు."

మందిరానికి సీసాలు మోసుకుపోతూ దారంతా అదే ఆలోచన. కేసు గెలిచే కాగితం చేతిలో ఉంది, ఆ పిల్ల దాన్ని చింపేస్తోంది. ఎవరు తప్పో, ఎవరు ఒప్పో, ఏది రసమో, ఏది మద్యమో నాకు ఒక్కటీ తేలలేదు.

ఈస్టర్ పొద్దున ఆరాధనకు ముందు కమిటీవాళ్లతో, హదస్సాకిచ్చిన లెటరు వాపసు తీసుకుందామన్నాను.

"కారణం?" అన్నారు దేవానందం గారు.

"ఉన్నది. చెప్ప."

"పండుగ పూట ఏందీ పరేషాన్, ఏసురత్నం గారూ!" అని ఆయన కండువా సర్దుకుని వెళ్లిపోయారు.

బల్ల వేళయింది. పదిహేడేళ్లుగా పాస్టరు గారి చేతినుంచి మొదటి గ్లాసు తీసుకునేది నేను, తర్వాత అందరికీ గ్లాసుల పళ్లెం మోసేది నేను. పేరు పిలిచారు. లేచాను. వెనక తలుపు దగ్గరి బెంచీ మీద హదస్సా ఒక్కతే తలవంచుకుని కూర్చుంది. వెనక్కి వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చున్నాను. అది మద్యమని తెలిసిపోయినందుకా, పిల్లకు లేనిది నాకొద్దనా? ఎవరైనా అడిగితే ఇప్పటికీ చెప్పలేను.

"ఏంది మామా నువ్వు?" అని గుసగుసలాడింది.

"నాకే తెల్వది. ఊకో."

మా మందిరంలో బల్లకు దూరంగా కూర్చున్నాడంటే ఆ మనిషి తాగుతున్నాడని అర్థం. తలలన్నీ వెనక్కి తిరిగాయి. చివరి పాట మొదలయ్యేసరికి నేను తాగుబోతునయ్యాను. ఆశీర్వాదం పూర్తయ్యేసరికి నా లివరు సగం పోయింది.

బయట చెప్పులు వేసుకుంటుంటే కాంతమణి ఎదురొచ్చి నిలబడింది. తెల్లచీర, చేతిలో బైబిలు, వేళ్లకింకా ద్రాక్ష మరక వదల్లేదు.

"అన్నా, నిజం చెప్పు. నువ్వు సుత తాగుతున్నవా?"

పక్కన హదస్సా నా మోచెయ్యి గిల్లింది. నలభై నాలుగేళ్ల ప్రమాణం నాది. నాలుక చివర మాట ఉంది. చెల్లెలి వేళ్ల వైపు చూశాను.

"అవ్ చెల్లె."

"ఎప్పటిసంది?"

"ఇరవై రెండేండ్లాయె."

ఆమె ముఖం తెల్లబోయింది. "మా ఆయన పోయినప్పటిసందా? ఆయన సావు కండ్లార చూసినంక సుతనా?" అని ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. అబద్ధం చెప్పినందుకు ఏడుస్తున్నానో, నిజం చెప్పినందుకు ఏడుస్తున్నానో ఆ దేవుడికే తెలియాలి.

కొంగుతో కళ్లు తుడుచుకుని కాంతమణి కూతురి వైపు తిరిగింది. దేవానందం గారు నాలుగడుగుల దూరంలోనే ఉన్నారు. ఆయనకు వినబడాలనే గట్టిగా అంది.

"ఇరవై రెండేండ్లు తాగినోడు ముంగట నిలవడి పళ్లెం మోసిండు. ఒక్కరు ఆపలే. చుక్క మింగకుండ ఉమ్మేసే నా పిల్లను మాత్రం తలుపు కాడ కూసోబెట్టిండ్రు. పో బిడ్డా. వస్తనని రాసెయ్. నేనొక్కదాన్నే బల్ల కాడికి పోత, నీ పేరు సుత చెప్పుకొని తీసుకుంట."

హదస్సా ఆ రాత్రే రాసింది. బుధవారం సికింద్రాబాద్ స్టేషన్‌కు నేనూ వెళ్లాను. కాంతమణి నాకు రెండు బెంచీల దూరంలో నిలబడింది, నా వైపు చూడలేదు. రైలెక్కేముందు పిల్ల నన్ను పట్టుకుని, "ఎందుకట్ల చెప్పినవ్ మామా?" అంది. నాకేం తెలుసు? జాగ్రత్తగా ఉమ్మెయ్ బిడ్డా అన్నాను.

సెక్రటరీ పని దేవానందం గారు తీసుకున్నారు. ఇప్పుడు ప్రతి శుక్రవారం ప్రార్థనలో నా పేరు పైకి చెప్పి మరీ మద్యం నుంచి నా విడుదల కోసం వేడుకుంటున్నారు. ఆమెన్ అనాలో వద్దో తేలక నేనూ అంటున్నాను.

మొన్న సాయంత్రం కాంతమణి మా ఇంటికి వచ్చింది. ఈస్టర్ తర్వాత రావడం అదే మొదటిసారి. పలకరించలేదు. సంచిలోంచి సీసా తీసి టేబుల్ మీద పెట్టింది.

"గీ ఏడు చేసిన రసమే. ప్రార్థన చేసి తెచ్చిన. మందు మీదికి మనసు పోయినప్పుడల్లా రెండు గుటకలు తాగు అన్నా. మెల్లగ అదే మానిపిస్తది."

నేను సీసాను టేబుల్ చివరకు జరిపాను.

"నా ముంగటనే తాగు" అని, తనే లోపలికెళ్లి గ్లాసు తెచ్చి పోసింది. ఇన్నేళ్లూ తెలియక తాగానని దేవుడితో వాదించుకోవచ్చు. ఈసారి తెలిసే తాగాను.