హేమ మోసిన ఘటం

హిందీ మాట్లాడే ఈ ఉక్కు కర్మాగారం ఊళ్ళో, అగ్రికో కాలనీలో మా పక్క క్వార్టర్ చిన్నమ్మి కూతురు హేమ గురించి మా తెలుగువాళ్ళలో ఒక మాట స్థిరపడిపోయింది. "ఆ గుంట పొద్దస్తమానం కంప్యూటర్లో ఆటలాడుకుంటాది" అని. కుళాయి దగ్గర ఎవరో అన్నారు, అక్కణ్ణుంచి ఇంటింటికీ పాకింది. నేను మాత్రం ఊరుకోను. ఆడటం వేరు, ఆటను తయారు చేయడం వేరు అని కనబడ్డవాళ్ళందరికీ చెప్తాను. పాకం పట్టేవాణ్ణి చూసి "వీడు రోజంతా మిఠాయి తింటాడు" అంటే ఎలా ఉంటుంది? ఇదీ అంతే.

హేమకు ముప్పై దాటాయి. పగలు బిష్టుపూర్‌లో ఒక ఫ్లెక్సు దుకాణంలో పని. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, ఎన్నికలు, సంతాపాలు, అన్నిటికీ బ్యానర్లు తనే తయారు చేస్తుంది. "ఈ ఊళ్ళో లీడర్లందర్నీ తెల్లగా సేసింది నేనే పిన్నీ" అని నవ్వుతుంది. తండ్రి చిన్నారావు కర్మాగారంలో ఫిట్టరు. సాయంత్రం హేమ ఆటోలో ఇరుక్కుని ఇంటికొచ్చి, నాలుగు మెతుకులు తిని, ఇనప మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటే ఇక పిలిచినా పలకదు.

చిన్నప్పుడూ ఇంతే. వాకిట్లో ముగ్గు వెయ్యమంటే చుక్కలు పెట్టి కలపకుండా వదిలేసేది. అదేమిటే అంటే, "ఎల్లేవోళ్ళు కలుపుకుంటారు" అనేది. చిన్నమ్మి ఆ పిల్లను తిట్టి తనే కలుపుకునేది. నాకు మాత్రం ఆ చుక్కల్ని చూస్తే వేలు పెట్టి కలపాలని చేతులు దురద పెట్టేవి.

ఇప్పుడు గణపతిరావు మేష్టారి గురించి చెప్పాలి. ఆయన మా తెలుగు సంఘానికి సాంస్కృతిక కార్యదర్శి. ఏ బడిలోనూ పాఠం చెప్పినవాడు కాదు. కర్మాగారం లోపల తిరిగే రైళ్ళ దగ్గర ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. మావాళ్ళలో మూడు వంతుల మందికి నాటకాలు నేర్పాడు కాబట్టి మేష్టారయ్యాడు. ఆయనకో విచిత్రమైన గుణం ఉంది. తన దృష్టిలో కళ కానిదాన్ని చూస్తే "చాలా బాగుంది" అని భుజం తట్టి వెళ్ళిపోతాడు. కళ అనుకున్నదాన్ని మాత్రం కూర్చోబెట్టి దులిపేస్తాడు. హార్మోనియం శ్రుతి నుంచి కిరీటం వంకర దాకా వదలడు. ఆయన చేత తిట్లు తిన్నవాళ్ళు మా కాలనీలో ఆ మాట గొప్పగా చెప్పుకుంటారు. మా ఆయన ఒకసారి రాజు వేషం వేసి తిన్న తిట్లు ఇప్పటికీ చుట్టాలకు వినిపిస్తూనే ఉంటారు. నేను పాట పాడితే మేష్టారు "చాలా బాగుందమ్మా" అన్నాడు. ఆ తర్వాత నేను వేదిక ఎక్కలేదు.

హేమకు కావలసింది ఆ తిట్లే. ఇంకే బహుమతీ అక్కర్లేదు. తాను చేసిన ఆటను ఉగాది కళాప్రదర్శనలో పెట్టాలని, మేష్టారు దాన్ని చూడాలని, చూసి తిట్టాలని ఆ పిల్ల కోరిక. నాతో చెప్పింది కూడా.

ఆ ఆట పుట్టడానికి కారణం చిన్నమ్మి మోకాలు. అమ్మవారి పండుగకు స్వర్ణరేఖ నది నుంచి గుడి దాకా నీళ్ళ ఘటం మోసేది ఏ ఒకటి రెండేళ్ళో తప్ప ఎప్పుడూ చిన్నమ్మే. మోకాలు పాడయ్యాక ఆ బరువు వేరే వాళ్ళ తలకెక్కింది. ఆ ఏడాది ఘటం మా వీధిలోకి వస్తుంటే చిన్నమ్మి వరండాలో కుర్చీలో కూర్చుని చూసింది. మొహం మామూలుగానే ఉంది కానీ, కుర్చీ కింద పాదాలు రెండూ డప్పు దరువుకు కదులుతున్నాయి. హేమ అది చూసింది. మర్నాటి నుంచి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది.

ఆటలో ఒక ఆడమనిషి తలమీద ఘటం ఎత్తుకుని ఉంటుంది. డప్పు దరువు మీద ఆమెను నది ఒడ్డు నుంచి మన వీధుల మీదుగా గుడికి చేర్చాలి. అంతే. తుపాకులు లేవు, పాయింట్లు లేవు. ఇంటి ముందు ఆగితే ఆ ఇల్లాలు చెంబు తెచ్చి కాళ్ళమీద పసుపునీళ్ళు పోస్తుంది. ఆగకుండా పోతే ఆ తలుపు మూసుకుంటుంది, ఘటంలో నీళ్ళు తొణుకుతాయి. మరీ పరిగెత్తిస్తే ఘటం ఖాళీ అయిపోయి, మళ్ళీ నది దగ్గరే మొదలుపెట్టాలి. ఘటం ఏ గుమ్మాన్నీ దాటిపోకూడదన్నది మా ఆచారం. మాటల్లేని ఇల్లయినా సరే ఆగాల్సిందే. ఎదురింటి పద్మశ్రీకీ నాకూ చెడిన ఏడాది ఘటం నేనే మోశాను. ఆవిడ నా మొహం చూడకుండా నా కాళ్ళమీద నీళ్ళు పోసింది.

హేమ తమ్ముడు సాయిచంద్ అందరికంటే ముందు ఆడి చూశాడు. "దీదీ, ఇస్ మే జీత్‌నా కైసే హై?" అని హిందీలో అడిగాడు.

"గెలవడానికేటీ నేదురా. సేరాలంతే" అంది హేమ.

వాడికి అది నచ్చలేదు. సంఘం కమిటీకి అసలే నచ్చలేదు. వీడియో గేమ్ అన్న పేరులోనే గేమ్ ఉంది కాబట్టి క్యారమ్ బోర్డుతో, నిమ్మకాయ చెంచా పరుగుతో కలిపి క్రీడల విభాగంలో వేసేశారు. హేమ ల్యాప్‌టాప్ పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని మేష్టారి దగ్గరికి వెళ్ళింది. ఆయన వేదిక మీద తెర కట్టిస్తున్నాడు.

"మేష్టారూ, నాది కళల్లో పెట్టండి" అంది.

"కళంటే ఒకలు సెయ్యాల, పదిమంది కూకుని సూడాల. నువ్వు సేసిందాన్ని నేను సేత్తో గెలికితే అందులో నీ పనేటి మిగిలింది?" అన్నాడాయన తాడు వదలకుండానే.

"మీ నాటకంలో జనం వన్స్ మోర్ అని అరుత్తే సచ్చిపోయినోడు నేచి మల్లీ పద్యం పాడతాడు గదా. అప్పుడు నాటకం జనం సేతిలో నేదా?"

నాకు నవ్వాగలేదు. మేష్టారు తాడు వదిలి ఒక్క క్షణం ఆ పిల్లను చూశాడు. మళ్ళీ తాడు అందుకున్నాడు. "అదీ ఇదీ ఒకటేటి? ఆటల్లో ఉంటే నీకు నామోషీయా? సేసినావు గదా, సాలా బాగుందమ్మా, పో" అన్నాడు. ల్యాప్‌టాప్ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. బయటికొచ్చాక హేమ కళ్ళు తుడుచుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన పెద్దరికం నా నోరు కట్టేసింది గానీ, లేకపోతే ఆ రోజు ఆయనకు తిట్లంటే ఏమిటో నేనే చూపించేదాన్ని.

ఉగాది రోజున హాలు వరండాలో క్యారమ్ బోర్డు పక్కన ఒక బల్లమీద ల్యాప్‌టాప్ పెట్టారు. ముందు కుర్రాళ్ళు మూగారు. ఆటల్లో తలపండిన వీరులు. ఘటాన్ని ఎత్తుకున్నది మొదలు పరుగే పరుగు. తలుపులన్నీ టపటపా మూసుకున్నాయి, ఘటం ఖాళీ అయింది, మళ్ళీ నది. "పాయింట్ నహీ హై, లెవెల్ నహీ హై" అని విసుక్కుని క్యారమ్ దగ్గరికి పోయారు.

తర్వాత ఆడవాళ్ళొచ్చారు. పద్మశ్రీ కుర్చీలో కూర్చోబోతూ ఆగి, చెప్పులు విడిచి మరీ కూర్చుంది. ఆవిడను చూసి వెనకాలవాళ్ళూ విడిచారు. బల్ల చుట్టూ చెప్పులు గుట్టపడ్డాయి. ఎవరికీ ఏ మీట నొక్కాలో తెలియకపోయినా ఎక్కడ ఆగాలో తెలుసు. చివరకు చిన్నమ్మి కుంటుకుంటూ వచ్చింది. హేమ మీటలు చూపించి వెనక్కి జరిగింది. చిన్నమ్మి ఇంటింటికీ ఆగింది. తెరమీద గుడి కనబడేసరికి చిన్నమ్మి చెంపల మీద నీళ్ళు. "మోకాలు నొప్పెట్టనేదే" అంది కూతురితో.

అంతవరకూ బాగానే ఉంది. తెరమీద అమ్మవారు కనబడగానే ఎవరో మహాతల్లి పళ్ళెంలో కర్పూరం వెలిగించి ల్యాప్‌టాప్ ముందు తిప్పింది. "బ్యాటరీ! బ్యాటరీ!" అని హేమ గావుకేకలు పెట్టింది. ఈ గొడవ విని గుడి కమిటీ ముసలయ్య పూలదండ పట్టుకొచ్చాడు. ల్యాప్‌టాప్‌కు కుంకుమ బొట్టు పెట్టి, "ఇది ఆటల్లో ఉండకూడదు. అమ్మోరి పక్కనెడదాం" అన్నాడు. క్రీడల కమిటీ వాళ్ళు, మా విభాగంలో జనం మూగింది దీనొక్కదాని దగ్గరే, ఇవ్వం అన్నారు. రెండు కమిటీలకూ మాటా మాటా పెరిగింది.

హేమ నా చెయ్యి పట్టుకుని మూలకు లాగింది. "ఆటల్లోంచి లాగుదామంటే పూజలో పడ్డాది పిన్నీ. అక్కడ గెలిసేమా నేదా అని సూత్తారు, ఇక్కడ కళ్ళు మూసుకుని దణ్ణమెడతారు. నేను సేసింది ఎవులు సూత్తారు?" అంది. దానికి ఏడవాలో నవ్వాలో తెలియడం లేదు. నాకూ తెలియలేదు.

తగువు తీర్చడానికి మేష్టారు వచ్చాడు. "ఎహె, లేవండి, అదేటో సూడనియ్యండి" అని అందర్నీ పక్కకు తోసి కూర్చున్నాడు. ఘటాన్ని ఎత్తుకున్నాడు. మెల్లగా నడిపించాడు. మొదటి గుమ్మం దగ్గర ఆగాడు. ఇల్లాలు నీళ్ళు పోసింది. రెండో గుమ్మం. మూడో గుమ్మం దగ్గర మీట మీంచి చెయ్యి తీసేసి, తెరకు చెవి దగ్గరగా పెట్టాడు. మళ్ళీ నాలుగడుగులు నడిపించి, ఆపి, విన్నాడు.

"ఎవుర్తే ఇది సేసింది?" అని గర్జించాడు.

హేమ ముందుకొచ్చింది.

"ఘటం ఆగితే డప్పు ఆగిపోద్దేటే? బుద్దుందా నీకు? ఆగినప్పుడే గదా దరువు మారాల! నడక దరువు వేరు, నిలబడ్డ దరువు వేరు. డప్పాగితే అది గుమ్మం ముందర నిలబడ్డట్టు నేదు, కరెంటు పోయినట్టుంది. ఇదిగో, ఈ యమ్మ నీళ్ళు పోసేసి ఇంట్లోకి తుర్రుమంది. తడి పాదం ముట్టుకుని కళ్ళకద్దుకోదా? అప్పటిదాకా ఘటం కదలొచ్చేటి? మరి ఈ ఈదిలో నీడలేటి, అన్నీ ఒకేపక్కా? పొద్దున్న బయల్దేరిన ఘటం గుడికి సేరేసరికి ఎండెక్కడుండాల?"

ముసలయ్య మెల్లగా దండ తెరమీదికి వంచాడు. మేష్టారు ఆయన చెయ్యి ఆపాడు. "తియ్యి బావూ. దణ్ణమెడితే తప్పులెవులు సూత్తారు?"

"మరెక్కడెట్టమంటావు?" అన్నాడు ముసలయ్య.

"ఎక్కడా వద్దు. తప్పుల్తో ఉన్నదాన్ని పదిమందికీ సూపిత్తావేటి? దిద్దనీ. దిద్దినాక నాటకం ముందర, స్టేజీ మీదెడదాం. అందాకా ఇది బయటికి రాకూడదు."

అంటే ఆ ఏటికి హేమ ఆట అటు క్రీడల్లోనూ లేదు, ఇటు కళల్లోనూ లేదు. ల్యాప్‌టాప్ మూసేయమన్నట్టే. పద్మశ్రీ అయ్యో పాపం అంది. చిన్నమ్మి కూతురి వైపు కంగారుగా చూసింది. మేష్టారు మాత్రం ఆగలేదు. బల్లను రెండు చేతులతో వాయిస్తూ నిలబడ్డ దరువు ఎలా ఉండాలో చూపిస్తున్నాడు, మధ్యలో ఘటం మీది వేపమండలు కట్టిన తీరు బాగాలేదంటున్నాడు, ఆ చీర కుచ్చెళ్ళు తడిస్తే అలా ఎగురుతాయా అని అడుగుతున్నాడు. క్యారమ్ కుర్రాళ్ళు కూడా ఆట ఆపి చూస్తున్నారు.

నేను హేమ పక్కకు చేరి, ఊరుకోవే, ఆయన నోరే అంత అని ఓదార్చబోయాను. అది నా వైపు తిరగనైనా తిరగలేదు. ఆయన మాట ఒక్కటి కూడా పోకుండా ఫోన్‌లో రికార్డు చేసుకుంటోంది. కళ్ళనిండా నీళ్ళు, మొహమంతా నవ్వు.

"ఆగు పిన్నీ, మాట్లాడకు" అంది గుసగుసగా. "ఇంకా తిడతన్నారు."