చప్పుడు లేని గూడు

మదనపల్లెలో పుంగనూరు రోడ్డు మీదున్న గిరిబాబు కారు ఆడియో దుకాణానికి పెద్ద బోర్డే ఉంది కానీ, దాన్ని చదివి లోపలికి వచ్చినవాళ్లు తక్కువ. "గిరన్న చెవికి ఒకసారి చూపించుకుని రా" అని ఎవరో ఒకరు పంపితేనే బళ్లు వచ్చి అక్కడ ఆగుతాయి. ముప్పై ఏళ్లుగా ఆయన పరీక్ష ఒక్కటే. అన్నీ బిగించాక పాట ఆపేస్తాడు. ఆంప్లిఫయర్‌ని మాత్రం ఆన్‌లో ఉంచి, కళ్లు మూసుకుని, సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకరైన ట్వీటర్‌కి చెవి ఆనిస్తాడు.

"పాట పెడితే ఎవడైనా ఇంటాడప్పా. పాట లేనప్పుడు ఇనల్ల" అంటాడు.

ఆ చెవి ఇప్పుడు సరిగా లేదని ఆయనకు ఏడాదిగా అనుమానం. ఇంటి వెనక షెడ్డులో భార్య శోభ పట్టుగూళ్ల నుంచి దారం తీస్తుంది. గూళ్ల మార్కెట్లో ఆమె ఒక్కో గూడును చెవి దగ్గర ఊపి చూసి కొంటుంది. లోపలి పురుగు గట్టిగా ఉంటే గూడు గలగలమంటుంది. పురుగు కరిగిపోయిన గూడు పలకదు. పోయిన వేసవిలో ఒకరోజు ఆమె గంపలోంచి ఒక గూడు తీసి, ఆయన చెవి దగ్గర ఊపింది.

"సూడు మామా, ఎట్ల పలకతాండాదో."

గిరిబాబుకు ఏమీ వినపడలేదు. ఆమె వేళ్లు కదలడం మాత్రం కనపడింది.

"బాగా పలకతాండాది" అన్నాడు.

శోభ ఆయన ముఖం వంక ఒక క్షణం చూసి, గూడును పక్కన పడేసి, పనిలో పడింది. ఆయన దుకాణానికి వచ్చేశాడు. ఆ రోజు నుంచి ఎవరి బండిలోనైనా కళ్లు మూసుకున్నప్పుడల్లా గుండెల్లో చిన్న బెదురు. మాటలు వినపడతాయి, హారన్లు వినపడతాయి. సన్నని శబ్దాలే, ఒకటొకటిగా, చెప్పకుండా వెళ్లిపోతున్నాయి.

ఆ బెదురులోనే ఒక తప్పు చేశాడు. రెండు నెలల కిందట పుంగనూరు నుంచి పాలకేంద్రం శ్రీరాములు వచ్చి, "ఏమన్నా, నువ్వు బిగించినాక పాట ఆపినా నా బండి బుస్సుమంటానే ఉండాదే" అన్నాడు. గిరిబాబు చెవి పెట్టి విన్నాడు. ఏమీ లేదు. దుకాణంలో నలుగురు ఉండగానే, "బండి కాదు, ముందు నీ చెవులు సూపించుకో పో" అన్నాడు. అందరూ నవ్వారు. శ్రీరాములు కూడా నవ్వినట్టే చేసి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఇట్లా ఉండగా కుప్పం నుంచి యువరాజ్ వచ్చాడు. పెళ్లి కచేరీల్లో వయొలిన్ వాయిస్తాడు. ఎక్కడో సంపాదించిన ఒక జత ట్వీటర్లను దూది మధ్య పెట్టి, డబ్బాలో తెచ్చాడు. రూపాయి బిళ్ల కన్నా కొంచెం పెద్దవి. మధ్యలో నల్లటి చిన్న గుమ్మటం, అది పట్టుబట్టతో చేసింది.

"వీటికి తగిన ఆంప్ నువ్వే ఎంచల్లన్నా. ఎందరికో సూపిస్తి, ఒకరూ కుదర్చలేకపోయిరి" అన్నాడు. బండి వదిలి బస్సెక్కి వెళ్లిపోయాడు.

అవి మాట వినే రకం కాదని గిరిబాబుకు చూడగానే తెలిసింది. అట్లాంటి వాటికి చిన్న ఆంప్ పెడితే పదిలంగా ఉంటాయని చాలామంది అనుకుంటారు. నిజానికి కాలిపోయేది అప్పుడే. చాలీచాలని ఆంప్‌ని గట్టిగా తిప్పేసరికి పాట మొనలు విరిగి, ఆ విరిగిన ముక్కలన్నీ ట్వీటర్ నెత్తిన పడతాయి. అట్లాగని పెద్దది పెడితే, దానిలో ఏ మురికి ఉన్నా ఈ పట్టు గుమ్మటాలు దాచవు. బలమూ కావాలి, శుభ్రమూ కావాలి.

రెండు ఆంప్‌లు తేలాయి. ఒకటి కొత్త మోడలు, అట్టపెట్టె మీద వాట్లు పెద్ద అక్షరాలతో ఉన్నాయి. రెండోది పాత తరహా. వాట్లు తక్కువే చెబుతుంది కానీ ఇటుకంత బరువు. రెండింటినీ మార్చి మార్చి కలిపి, పాట ఆపి, చెవి పెట్టాడు. రెండూ నిశ్శబ్దమే. అయితే బలమున్నదే మేలని కొత్తదాన్ని ఖాయం చేసి, ఆన్‌లోనే ఉంచి బిగించడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం శోభ క్యారియర్ తెచ్చింది. ఎండకు తాళలేక బండిలో ముందు సీట్లో కూర్చుని, చుట్టూ చూసింది.

"ఈడ పురుగులు మేపతాండావా ఏంది మామా?"

"ఏం పురుగులు?"

"నాలుగో జ్వరం లేసిన పురుగులు ఆకు మేసినట్లుండాది. ఇనపళ్లేదా?"

గిరిబాబు చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. పురుగు నాలుగోసారి కుబుసం విడిచి లేచాక ఆకు మీద పడి తినే చప్పుడు ఆయనకూ తెలుసు. పుంగనూరు దాపున అత్తగారింట్లో కొత్తల్లుడిగా పడుకున్నప్పుడు వాన పడుతోందనుకుని బయటికి వచ్చి నవ్వులపాలయ్యాడు. ఇప్పుడు ఆ వాన ఈ బండిలో పడుతోంది. ఆయన మీద మాత్రం పడడం లేదు.

"నువ్వు రోడ్డు తట్టు సూస్తా ఉండు. నేనడిగినప్పుడు సెప్పు" అన్నాడు.

వెనక కూర్చుని తీగలు విప్పి, మళ్లీ కొత్త ఆంప్‌కే కలిపాడు.

"ఇప్పుడు?"

"మేస్తాండాయి."

తీగలు పాతదానికి మార్చాడు. "ఇప్పుడు?"

"లేదు. ఆకు అయిపోయినట్లుండాది."

ఆమెను తికమక పెడదామని ఈసారి ఏమీ మార్చకుండానే అడిగాడు. "లేదంటి కదా" అని కసురుకుంది. ఐదుసార్లు అడిగితే ఐదుసార్లూ ఆమెదే ఒప్పు. బరువుగా ఉన్న పాత ఆంప్ మాత్రమే నిజంగా నిశ్శబ్దంగా ఉంది. ఆరోసారి ఆయన అడగలేదు. శోభే వెనక్కి తిరిగింది.

"ఆ దినం నీ సెవి కాడ ఊపింది పురుగు కరిగిపోయిన గూడు మామా. పలకనే పలకదది. నాకే తెలకుండా తీసి ఊపినా. నువ్వేమో బాగా పలకతాండాదంటివి."

"అట్లయితే అప్పుడే యాల సెప్పలా?"

"నువ్వు సెప్తావని సూస్తాంటి."

గిరిబాబు కొత్త ఆంప్ మరలు విప్పడానికి వంగాడు. అన్నీ విప్పేదాకా తలెత్తలేదు.

కచేరీ ఉండి రాలేకపోతున్నానని యువరాజ్ ఫోన్ చేస్తే, రెండు రోజుల తర్వాత బండిని తానే కుప్పం తీసుకెళ్లడానికి బయలుదేరాడు. శోభ కూడా వచ్చి ఎక్కింది.

"నువ్వెందుకు?"

"దారిలో ఏమన్నా మోగితే ఎవురింటారు?"

పుంగనూరులో శ్రీరాములు పాలకేంద్రం ముందు నుంచే వెళ్లాలి. అక్కడికి వచ్చేసరికి గిరిబాబు బండి వేగం పెంచాడు. శోభ అది చూసింది.

కుప్పంలో యువరాజ్ ఇంటి ముందు బండి ఆగింది. అతను ముందు సీట్లో కూర్చుని, అద్దాలెక్కించి, పాట పెట్టకుండా చాలాసేపు ఊరికే విన్నాడు. తర్వాత తన వయొలిన్ రికార్డింగు పెట్టాడు. కమాను తీగను తాకే ఆ మొదటి రాపిడి దగ్గర అతని కళ్లు చెమర్చాయి.

"దేవుడా! ఏ సెవన్నా నీది?"

వెనక సీట్లో శోభ కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆ మాటను ఉన్నచోట వదిలేయొచ్చు. ఏ ఇబ్బందీ లేదు. దుకాణం నడుస్తుంది. గిరిబాబు స్టీరింగ్ మీది దుమ్మును వేలితో తుడిచాడు.

"నా సెవి కాదప్పా. ఈమెది. నేనెంచిన ఆంప్‌ని కాదని మార్పించింది ఈమే. నాకు సన్న సప్పుళ్లు ఇనపడక సంవత్సరమాయ."

యువరాజ్ వెనక్కి తిరిగి ఆమె వంక చూశాడు. "ముందు ఎంచిన ఆంప్ ఎట్లుండె అమ్మా?" అన్నాడు. ఆమె పురుగుల సంగతి చెప్పింది. అతను పెద్దగా నవ్వి, "ఆ మాట నాకు తోచనే తోచదు" అన్నాడు. అంతే. దీనికా తాను ఏడాది పాటు భయపడింది అనిపించింది గిరిబాబుకు.

తిరుగు ప్రయాణంలో పలమనేరులో బస్సు మారారు. పుంగనూరు రాగానే శోభ కన్నా ముందు గిరిబాబే లేచి, కండక్టరును ఆపమన్నాడు.

పాలక్యాన్ల మధ్య కూర్చున్న శ్రీరాములు వీళ్లను చూసి లేచాడు కానీ, రమ్మనలేదు. పాలు పోయడానికి వచ్చినవాళ్లు పదిమంది దాకా ఉన్నారు. ఆ పదిమందీ వినేటట్టే గిరిబాబు అన్నాడు.

"శ్రీరాములప్పా, ఆ దినం నలుగురిలో నీ సెవులు సూపించుకోమంటిని. సూపించుకోవాల్సింది నావి. నీ బండి బుస్సుమనేది నిజం."

"నిజమని మా ఆవులకు గూడా తెలుసు లేబ్బా. బండి తెస్తే సాలు, పామొచ్చిందని తాళ్లు తెంపుకుంటాయి" అన్నాడు శ్రీరాములు. తర్వాత మెత్తబడి, "అమ్మకు కుర్చీ ఎయ్యండ్రా" అన్నాడు.

కుర్చీ వద్దంది శోభ. నేరుగా బండిలో ముందు సీట్లో కూర్చుని, "బుస్సుమనేది ఆగినాక ఏలెత్తుతా" అని తలుపు వేసుకుంది. గిరిబాబు డిక్కీ తెరిచి, ఆంప్ ఆన్ చేయించి, దాని జోరు పెంచే, తగ్గించే చిన్న మరలో జేబులోని స్క్రూడ్రైవర్ పెట్టాడు. ముప్పై ఏళ్లుగా ఈ పని కళ్లు మూసుకుని చేశాడు. ఇప్పుడు రెండు కళ్లూ తెరిచి, సీట్ల మీదుగా కనపడుతున్న ఆమె చేతినే చూస్తూ, మరను కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వచ్చాడు.

ఆమె వేలు లేచింది. ఆయన అక్కడ ఆపాడు.