చిప్పు కాదు ప్రభువా, చెయ్యి

సహోదరులారా, నేను ఏడో తరగతిలో బడి మానేసిన రోజున అందరికంటే ముందు దేవునికి స్తోత్రం చెప్పింది మా లెక్కల మాస్టారు, అప్పటికి ఆయన విశ్వాసి కూడా కాదు. అలాంటి నన్ను ప్రభువు గవర్నర్‌పేటలో ఎలక్ట్రానిక్ బోర్డులు బాగుచేసేవాణ్ణి చేస్తే, నేనేమో ఆ చేతులను బ్రాందీకి అప్పగించాను. పొద్దున్నే చుక్క పడకపోతే వేళ్లు వణికేవి. అయినా బోర్డులు తెచ్చేవాళ్లెవరికీ తెలియలేదు, ఎందుకంటే వన్ టౌన్‌లో ఖాదర్ భాయ్ కొట్లో కొత్త చిప్పులు చవగ్గా దొరికేవి, ఒకటి కాల్చేస్తే ఇంకొకటి పెట్టేవాణ్ణి.

అంతలో పెద్ద దేశాలు చిప్పుల మీద పోట్లాటకు దిగి, ఒకరు సుంకం వేస్తే ఇంకొకరు సరుకు ఆపి, ఆ గొడవను తెచ్చి నా బల్ల మీద పెట్టారు. కైకలూరు దగ్గర రొయ్యలు సాగుచేసే వెంకట్రావు గారు, చెరువు నీళ్లకు గాలి అందించే ఏరేటర్ల బోర్డు కాలిపోతే పట్టుకొచ్చారు.

"అద్దె ఇంజనుతో తిప్పిస్తున్నా, అది సాయంత్రం దాకే ఉంటదయ్యా ఏసోబూ. గాలి ఆగిందా, రొయ్యలన్నీ తేలతాయి."

ఖాదర్ భాయ్‌కి ఫోన్ చేస్తే, "చిప్పు లేదు భాయ్, ఎప్పుడొస్తదో తెలీదు. పాత బోర్డులోంచి పీకి పెట్టుకో" అన్నాడు.

చచ్చిన బోర్డులను గోనెసంచిలో దాచుకోవడం మా పనివాళ్ల అలవాటు. నేను ఆ సంచిని బ్రాందీ కోసం పాత సామాన్లవాడికి అమ్మేశాను. బల్ల ఊగకుండా కాలి కింద పెట్టిన బోర్డు ఒక్కటే మిగిలింది, చూస్తే దాని మీద అదే చిప్పు ఉంది! వెంట్రుకల్లాంటి దాని కాళ్లు విరగకుండా వేడిగాలితో ఊడదీయాలి. చెయ్యి ఒక్కసారి వణికితే అన్నీ పోతాయి. సొరుగులో సీసా పిలుస్తోంది.

మోకరించాను. "ప్రభువా, చిప్పు అడగను, అది నువ్వు ముందే దాచి ఉంచావు. ఈ చెయ్యి నిలబెట్టు. సీసా ముట్టకుండా నిలబెట్టు."

సీసాను కాలువలో వంచేసి, గంటసేపు చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుని, వణుకు ఆగాక లేచి చిప్పు ఊడదీసి అతికించాను. సాయంత్రానికి ఏరేటర్లు తిరిగాయి. దేవునికే మహిమ. తరువాత ఆసుపత్రిలో మందులూ వాడాను, డాక్టర్ల చేత కూడా ఆయనే పని చేయిస్తాడు.

ఇవాళ మిగతా కొట్లవాళ్లు కుదరదన్న బోర్డులు నా దగ్గరికి వస్తున్నాయి, గర్వంగానే చెబుతున్నాను, ఈ చేతులు ఆయనవి గనుక. మీ చెయ్యి వణుకుతుంటే దాచుకోకండి, ఆయనకు చాపండి.

ఈ సాక్ష్యం మందిరంలో చెప్పి, "అన్ని దేశాల సుంకాలూ నా మేలుకే" అని ముగించాను. బయట మా ఆవిడ సుగుణ పాస్టరమ్మగారితో అంటోంది:

"పన్నెండేళ్లు నేను చెబితే వినలేదండీ. ఈయన్ని దార్లో పెట్టడానికి దేవుడు అన్నన్ని దేశాలకి తగువు పెట్టాల్సొచ్చింది. ఇంకా గొప్పలు కూడానా!"