కరుణమ్మక్క ఎత్తించిన చేతులు

నిన్న పొద్దున ఎమ్మిగనూరులో మగ్గం ముందు కూర్చున్నాను. ఫోన్ మోగింది.

"అమ్మ పోయింది మామా."

అక్క కూతురు. చేతిలో పోగు నేసే నాడె చేతిలోనే ఉండిపోయింది.

మొన్నే కదా అక్క ఫోన్‌లో నన్ను నవ్వించింది. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

కరుణమ్మక్క మా పెద్దమ్మ కూతురు. కౌతాళం పక్క పల్లెలో పత్తి ఏరే కూలీ. ఆదివారాలు ఆ పల్లె సంఘంలో వాక్యం చెప్పేది నేనే. నా ప్రసంగం పొడుగైతే చాప మీద నుంచే చేత్తో సైగ చేసేది, ఇంక దిగు తమ్ముడా, పిల్లోళ్లకు ఆకలైతాంది అని.

అక్కకు లివర్ చెడింది. పల్లెలో లివర్ చెడిందంటే తాగుడే. సారా వాసన కూడా పడని మనిషి గురించి నిన్న సమాధి దగ్గరే గుసగుస విన్నాను, "గుట్టుగా తాగేదేమో" అని.

నాలుక చిన్న అవయవమే గానీ అడవిని తగలబెడుతుందని బైబిల్లో ఊరికే రాయలేదు.

నిజం నేను రాస్తాను. కూతురు పుట్టినప్పుడు అక్కకు రక్తం ఎక్కించారు. హెపటైటిస్ సి అప్పుడే వచ్చి ఉంటుందని డాక్టర్ అన్నాడు. ఏళ్ల తరబడి నొప్పి లేదు, కళ్లు పచ్చబడలేదు. పోయినేడు కంటి ఆపరేషన్‌కు ముందు టెస్టులు చేస్తే బయటపడింది. మాత్రలతో వైరస్ పోయింది. లివర్ మాత్రం అప్పటికే పాడైపోయింది.

ఆదోని ఆసుపత్రి గోడకు దాని గురించి పోస్టర్ ఉంది. ఇంగ్లీషులో.

"ఎయిడ్స్ అంటే సిన్నపిల్లోడు గూడా సెప్తాడు. దీని పేరు మాకెవురు సెప్పినారు తమ్ముడా? సదివినోళ్లకు, ప్యాంటేసుకున్నోళ్లకు గోడకంటించినారు. కాన్పులో రక్తం ఎక్కించుకునేది మేమైతిమి" అనేది అక్క.

పోయిన నెల చివరి ఆదివారం సంఘంలో, ప్రభువు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల టైమ్‌లో అక్క లేచి తన రోగం సంగతంతా చెప్పింది. సంఘపెద్ద ఒకాయన అడ్డం పడ్డాడు.

"ఏమ్మా, సాక్ష్యం సెప్పమంటే డాక్టరు క్లాసు పెడ్తాండావే."

"పోయిన వారం నీ బర్రె ఈనిందని సెప్పినావు గదన్నా. నేనేమన్నా అంటినా?"

ఆడవాళ్లంతా కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

కాన్పులో, ఆపరేషన్‌లో రక్తం ఎక్కించుకున్నవాళ్లు చేతులెత్తమంది. ఒక్క చెయ్యీ లేవలేదు.

భయం. ఇంట్లో తెలిస్తే కంచం వేరు చేస్తారని. కలిసి తింటే, ముట్టుకుంటే అది అంటదు. ఆ సంగతి కూడా ఎవరికీ తెలియదు.

అక్క నా చేతిలో మైక్ తీసుకుంది. ప్రభువును నమ్ముకునేవాళ్లు చేతులెత్తండని రక్షణ పిలుపు ఇచ్చేటప్పుడు నేననే మాటలే అంది.

"అందురూ తలలు వంచండి. కండ్లు మూసుకోండి. ఇప్పుడు ఎత్తండి."

నా వైపు తిరిగింది. "నువ్వు గూడా మూసుకో తమ్ముడా."

మూసుకున్నాను.

తర్వాత ఎవరెవరు ఎత్తారని అడిగితే, "నాకూ దేవునికీ తెలుసులే" అంది. వాళ్లను టెస్టుకు ఆదోని తీసుకుపోవాలని ఈ వచ్చే సోమవారానికి ఆటో కూడా మాట్లాడింది.

ఆ సోమవారం ఇంకా రానే లేదు. అక్క పోయింది. ఆ పేర్లూ ఆమెతోనే పోయాయి.

నిన్న సాయంత్రం సమాధి దగ్గర రక్తస్రావం గల ఆ స్త్రీ గురించి వాక్యం తీశాను. గుంపులో వెనక నుంచి వచ్చి వస్త్రపు చెంగు ముట్టింది. బాగైంది. ప్రభువు ఆమెను అట్లే పోనివ్వలేదు. ముట్టిందెవరని అడిగాడు. ఆమె వణుకుతూనే అందరి ముందూ చెప్పింది.

అంతవరకు చెప్పి బైబిల్ మూశాను.

"ఆరోజు చేతులెత్తినవాళ్లెవరో నాకు తెలీదు. మళ్లీ ఒక్కసారి... అందరూ కళ్లు మూసుకోండి" అన్నాను.

"వద్దులే బ్రదరూ. తెరుసుకోనే ఉండు."

అక్క పక్క సాలులో పత్తి ఏరే సుగుణ. అత్త పక్కనే ఉండగా చెయ్యెత్తింది. సమాధిలో వేయడానికి పట్టుకున్న మట్టి ఇంకా ఆ పిడికిట్లోనే ఉంది.

వెనక ఇంకో చెయ్యి లేచింది. ఆ పక్కన ఇంకొకటి.

సుగుణ అత్త కోడలి వైపు చూసింది.

"సెయ్యి దింపే, మట్టి నా మింద రాల్తాంది. సోమవారం నేనూ వస్తా. నాకూ ఎక్కించినారు."

ఆటో వస్తుంది అక్కా. డ్రైవర్ పక్కన నేను కూర్చుంటాను.

పోస్టు పొడుగైంది, తెలుసు. ఇక దిగుతున్నాను.

ప్రభువు ఒడిలో నెమ్మదిగా నిద్రపో.