కారులో నీళ్లు తాగిన దయ్యం

కుక్కర్ రబ్బరు వదులై ఆవిరి పోతోందని కోడలు విసుక్కున్నప్పుడల్లా, ఎనిమిదేళ్లకే కారు జబ్బు కనిపెట్టిన మొనగాణ్ణని గొప్పలు చెబుతాను.

పంతొమ్మిది వందల అరవైలలో నెల్లూరు జిల్లా మైపాడు దగ్గర ఉండేవాళ్లం. మా పాత కారు రేడియేటరులో పొద్దున నిండుగా పోసిన నీళ్లు నెల్లూరు చేరేలోగా మాయమయ్యేవి. కింద చుక్క తడి కూడా ఉండేది కాదు.

"దయ్యం తాగతా ఉండాది. నీళ్లు చాలకపోతే పిలకాయల నెత్తురు తాగద్ది," అంది నాయనమ్మ. నేను కారు ఛాయలకు పోవడం మానేశాను.

నాన్న మాత్రం డ్రైవరు మస్తానన్న మీద అరిచాడు. "నీళ్లు పొయ్యకుండానే పోసినానంటావా? రేపూ ఇట్టే అయితే పనిలోకి రావద్దు!"

మర్నాడు మస్తానన్న రేడియేటరు మూత తీసి, లోపల వేలితో తడిమి, నా మణికట్టు వైపు చూశాడు. దానికి నల్ల రబ్బరు రింగు ఉంది. వాచీ ఆట కోసం వారం కిందట ఆ మూతలోంచి నేనే పీకింది. అది లేకే నీళ్లన్నీ ఆవిరైపోతున్నాయి. దయ్యం భయం పోయి, నాన్న భయం పట్టుకుంది.

"టైమెంతయింది అబ్బయ్యా?" అంటూ మస్తానన్న మెల్లగా రింగు తీసుకుని మూతలో బిగించాడు. "రబ్బరు జారిపోయిందయ్యా, సరిచేసినా," అన్నాడు నాన్నతో.

నాన్న చనిపోయేదాకా నేనీ నిజం ఎవరికీ చెప్పలేదు. జబ్బు కనిపెట్టింది మస్తానన్న. తెచ్చిపెట్టింది నేను.