పనస మొదలు మీది ఆర్కిడ్

1968 జూన్ 9, ఆదివారం, కవిటి. ఉన్నవారు: నేను, మేనమామ, అత్తయ్య.

మొన్న పలాసలో ఒక పెళ్లికి వెళితే, ఎక్కడినుంచో అట్టపెట్టెల్లో తెప్పించిన ఆర్కిడ్ పూలు మండపం నిండా గుచ్చి ఉన్నాయి. ఇంటికి వచ్చి 1968 నాటి డైరీ తీశాను. నేనప్పుడు టెక్కలిలో సైన్సు మాస్టారిని. ఆ వేసవిలో మామయ్య తోటలో, ముసలి పనస మొదలు మీద, నా దగ్గరున్న ఏ పుస్తకంలోనూ లేని ఆర్కిడ్ ఒకటి పూయడం చూసి, బొమ్మ గీసి విశాఖపట్నంలోని మా ఆచార్యులకు పంపితే, మొక్కను కదపవద్దనీ పదో తేదీ ఉదయం తానే వచ్చి చూస్తాననీ రాశారు. అది కొత్త జాతే అయితే కనుక్కున్నవాడిగా నా పేరు ఉంటుందన్న ఆశ, నలుగురికీ తెలిస్తే ముందే ఎవరో పెరికి పట్టుకుపోతారన్న భయం, రెండూ కలిసి ఇంట్లో ఆ మొక్క ఊసెత్తనివ్వలేదు. పెద్దాయన ఒకరు చూడ్డానికి వస్తారు, ఆ పనస చెట్టు జాగ్రత్త అని మాత్రం మామయ్యకు చెప్పి వచ్చాను.

ఆదివారం సాయంత్రం నేను వెళ్లగానే మామయ్య చెయ్యి పట్టుకుని తోటలోకి లాక్కుపోయాడు.

"సూడల్లుడా, నీ సెట్టుని పెళ్లికొడుకుని సేసేను! బదనికంతా గీకించీసి పేడ పూసేను."

"తన పెళ్లికి మాత్రం గెడ్డం గీసుకోనేదు," అంది వెనకనుంచి అత్తయ్య.

మా వైపు చెట్టును పట్టుకుని పెరిగేదాన్నల్లా బదనికే అంటారు. చెట్టు రసం తాగేస్తుందని కొడవలితో గీకి పారేస్తారు. ఆర్కిడ్ బెరడును ఊతగా పట్టుకుంటుందే గాని చెట్టునుంచి ఏమీ తీసుకోదని నేను ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. పెంటగోతిలో వెతికితే కుళ్లిన వేళ్లు, నల్లబడిన రెండు ఆకులు దొరికాయి.

ఆ తరువాత సెలవు దొరికినప్పుడల్లా సంతబొమ్మాళి నుంచి ఇచ్ఛాపురం దాకా తోటలన్నీ తిరిగాను, అది మళ్లీ కనబడలేదు. ఆ పనసలు పోయి జీడితోటలు వచ్చాయి, మామయ్యా పోయాడు. మా ఈడువాళ్లు పోయినవాటికి కాలాన్ని తిట్టుకుంటారు. నాకు ఆ వీలు కూడా లేదు.

ఆ ఆదివారం మర్నాడు ఉదయం ఆచార్యులు వచ్చారు. నున్నటి మొదలు వంక చాలాసేపు చూసి, "వీళ్లకు చెప్పలేదా?" అని నన్ను అడిగారు.

"చెప్పానండీ, వినలేదు," అన్నాను.

నాలుగడుగుల దూరంలో కొబ్బరిబొండాలు కొడుతున్న మామయ్య కత్తి ఆగింది. తరువాత మొదటి బొండాం ఆచార్యులకిచ్చి, రెండోది నా చేతిలో పెట్టి, మూడోది కొట్టడానికి వంగాడు.